డిసెంబరు బహుమతుల మేళా: కాసినో గిఫ్ట్ పాయింట్లను ఎలా వాడుకుంటే మేలు?

సరిత, చాండ్లర్ (అరిజోనా)
నవంబరు 8

సభ్యులందరికీ నమస్కారం. మా వారు ఉద్యోగరీత్యా లాస్ వేగాస్‌లో జరిగే సదస్సులకు తరచుగా వెళుతుంటారు. సాయంత్రాలు అక్కడి జూదశాలల్లో (కాసినోల్లో) స్లాట్ మెషీన్లు అనే జూదపు యంత్రాలు ఆడుతుంటారు కనుక ఒక కాసినో వారి ప్లేయర్స్ కార్డులో, అంటే ఆటను నమోదు చేసే సభ్యత్వ కార్డులో, ఈ ఏడాది 12,000 గిఫ్ట్ పాయింట్లు జమ అయ్యాయి. డిసెంబరు మొదటి వారాంతంలో తమ సమావేశ మందిరంలో బహుమతుల మేళా పెడుతున్నామనీ, పాయింట్లకు బదులుగా సామాన్లు తీసుకువెళ్లవచ్చుననీ, మేళా ముగిశాక మిగిలిన పాయింట్లు రద్దవుతాయనీ నిన్న ఒక ఉత్తరం వచ్చింది. అందులోని వస్తువుల పట్టికలో నాకు ఎప్పటి నుంచో కావాలనుకున్న, పిండి కలిపే స్టాండ్ మిక్సర్ ఉంది. దుకాణంలో దాని ధర 400 డాలర్లు, ఇక్కడ 18,000 పాయింట్లు. అంటే మాకు ఇంకా 6,000 తక్కువ. ఆ వారాంతంలో స్లాట్లు ఆడితే అయిదు రెట్లు పాయింట్లు ఇస్తామని అదే ఉత్తరంలో రాశారు. కొంచెం ఆడి ఆ లోటు పూరించుకోవడం మంచిదా, లేక ఉన్న పాయింట్లతో చిన్న వస్తువులో గిఫ్ట్ కార్డులో తీసుకోవడం మంచిదా? వీటి మీద పన్ను ఏమైనా పడుతుందా? సంక్రాంతికి విజయవాడ వెళుతున్నాం కనుక అక్కడివారికి ఇవ్వడానికి పనికివచ్చేవి ఏమిటో కూడా తెలిసినవారు చెప్పగలరు.

ప్రసాద్, హెండర్సన్ (నెవాడా)
నవంబరు 8

సరితగారూ, నేను కొన్నేళ్లు ఒక కాసినోలో ప్లేయర్స్ క్లబ్ కౌంటరు వెనుక పనిచేశాను కనుక ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తాను. మీ వారి కార్డులో సాధారణంగా రెండు మూడు ఖాతాలు వేరువేరుగా ఉంటాయి. భోజనానికీ గదికీ ప్రదర్శనల టికెట్లకూ వాడుకునే రివార్డు పాయింట్లు ఒక ఖాతా. గోల్డ్, ప్లాటినం వంటి హోదాను నిర్ణయించేవి మరొక ఖాతా. ఏడాది చివరి మేళా కోసం మాత్రమే పోగయ్యే గిఫ్ట్ పాయింట్లు ఇంకొక ఖాతా. గిఫ్ట్ పాయింట్లు వాడేసినంత మాత్రాన రివార్డు పాయింట్లు తగ్గవు. రివార్డు పాయింట్లకు కాలపరిమితి వేరుగా ఉంటుంది. ఉదాహరణకు సీజర్స్ కాసినోల సభ్యత్వ పథకమైన సీజర్స్ రివార్డ్స్‌లో ఆరు నెలల పాటు కార్డు వాడకపోతే పాయింట్లు పోతాయి. గిఫ్ట్ పాయింట్లకైతే మేళా ముగిసే గంటే గడువు. కౌంటరులోనో కియోస్కులోనో పిన్ నొక్కి రెండు నిల్వలనూ విడివిడిగా చూసుకోమని మీ వారికి చెప్పండి.

ఇటువంటి మేళాలు కొత్తవి కావు. ఎం.జి.ఎం. అనే కాసినో సంస్థ వారిది హాలిడే గిఫ్ట్ షాప్ అనీ, సీజర్స్ వారిది గ్రేట్ గిఫ్ట్ ర్యాప్ అప్ అనీ ఇక్కడ అందరికీ తెలుసు. డిసెంబరు ఆరంభంలోనే పెట్టడానికి కారణం ఉంది. థ్యాంక్స్ గివింగ్ సెలవులు అయిపోయి క్రిస్మస్ రద్దీ ఇంకా మొదలు కాని ఆ రెండు మూడు వారాల్లో లాస్ వేగాస్ హోటళ్లు బోసిగా ఉంటాయి. 1985 నుంచి ఇక్కడ జరుగుతున్న జాతీయ రోడియో (గుర్రాలు, ఎద్దుల స్వారీ పోటీలు) ఫైనల్స్‌ను ఈ ఊరు అంత ఆదరంగా పెంచుకున్నది కూడా అందుకే. తన గిఫ్ట్ పాయింట్లు వాడుకోవడానికి వచ్చిన మనిషి గదిలో దిగుతాడు, భోజనం చేస్తాడు, మళ్లీ మెషీన్ ముందు కూర్చుంటాడు. అయిదు రెట్ల పాయింట్లు సరిగ్గా ఆ వారాంతంలోనే ఇవ్వడంలో ఉద్దేశం అదే.

రమణ, శాన్ హోసే
నవంబరు 9

సరితగారు లెక్క అడిగారు కనుక లెక్కగానే చెబుతాను. ముందు ఒకటి తెలియాలి, మీ ఉత్తరంలో ఎన్ని డాలర్లు ఆడితే ఒక గిఫ్ట్ పాయింటు అని రాశారు?

సరిత, చాండ్లర్
నవంబరు 9

స్లాట్లలో అయిదు డాలర్లకు ఒక పాయింటు అని ఉంది. యంత్రం మీద పేకాట ఆడే వీడియో పోకర్‌లో పది డాలర్లకు ఒకటి.

రమణ, శాన్ హోసే
నవంబరు 9

ధన్యవాదాలు. ఇక్కడ అయిదు డాలర్లు అంటే జేబులోంచి తీసిన అయిదు డాలర్లు కాదు. మెషీన్‌లో పందెం కాసిన మొత్తం, దానినే కాయిన్ ఇన్ అంటారు. వంద డాలర్ల నోటు పెట్టి ఆడితే, గెలిచినది మళ్లీ పందెం కాస్తూ పోతాం కనుక, ఆ వంద పూర్తిగా హరించేలోగా సగటున వెయ్యి డాలర్లకు పైగా కాయిన్ ఇన్ నమోదవుతుంది. లాస్ వేగాస్‌లో పెద్ద కాసినోలు ఉండే స్ట్రిప్ అనే వీధిలో స్లాట్లన్నీ కలిపి చూస్తే కాసినో చేతిలో నిలిచేది కాయిన్ ఇన్‌లో సుమారు 8 శాతం. సెంటు నుంచి పందెం కాసే పెన్నీ మెషీన్లలో అది 10 శాతం దాటుతుంది. నెవాడా చట్టం కోరే కనీసం ఏమిటంటే మెషీన్ 75 శాతం తిరిగి ఇవ్వాలి, అంతే. పోటీ వల్ల వాస్తవంలో అంతకన్నా చాలా మెరుగ్గానే ఇస్తాయి.

ఇప్పుడు మీ మిక్సర్. లోటు 6,000 పాయింట్లు. మామూలు రోజున అందుకు 30,000 డాలర్ల కాయిన్ ఇన్ కావాలి. 8 శాతం చొప్పున సగటు నష్టం 2,400 డాలర్లు. అయిదు రెట్లు ఇచ్చే రోజున 6,000 డాలర్ల కాయిన్ ఇన్ చాలు, సగటు నష్టం 480 డాలర్లు. మిక్సర్ మొత్తం ధరే 400 కదా! పైగా మీరు కొనుక్కుంటున్నది మొత్తం మిక్సర్ కాదు, అందులో మూడో వంతు. 18,000 పాయింట్లకు 400 డాలర్ల వస్తువు అంటే ఒక పాయింటు విలువ రెండు సెంట్ల పైచిలుకు. ఆ లెక్కన 6,000 పాయింట్లు 133 డాలర్లు. దాని కోసం 480 పోగొట్టుకోవడానికి సిద్ధపడాలన్నమాట.

కిరణ్, ఇర్వైన్
నవంబరు 9

రమణగారి లెక్క సగటు లెక్క. ఒక్క వారాంతంలో సగటే జరుగుతుందని ఎవరు చెప్పగలరు? ఎలాగూ గదికీ ప్రయాణానికీ ఖర్చు పెట్టి వెళుతున్నారు, ఎలాగూ ఆడతారు. అలాంటప్పుడు అయిదు రెట్ల పాయింట్ల రోజునే ఆడటం తెలివైన పని కదా? కొన్ని చోట్ల పది రెట్లు కూడా ఇస్తారు. నాకు తెలిసినవారు అలా పోగు చేసి ఒక ఏడాది టీవీ, మరుసటి ఏడాది రోబో వాక్యూమ్ తెచ్చుకున్నారు. వాటిని ఉచితమని అనను గానీ, ఎలాగూ పెట్టే ఖర్చు మీద వచ్చిన లాభమని అంటాను.

రమణ, శాన్ హోసే
నవంబరు 10

కిరణ్‌గారి మాటలో ఒక భాగాన్ని ఒప్పుకుంటాను. ఎలాగూ 200 డాలర్లు సరదాకు పెట్టుకున్న మనిషి ఆ డబ్బును పాయింట్లు ఎక్కువ వచ్చే రోజున ఆడటమే మంచిది, అందులో వాదన లేదు. కానీ సరితగారి ప్రశ్న అది కాదు. లోటు పూరించడానికి ఆడాలా అన్నది ఆమె ప్రశ్న. పది రెట్లు ఇచ్చినా 3,000 డాలర్ల కాయిన్ ఇన్, 240 డాలర్ల సగటు నష్టం, చేతికి వచ్చేది 133 డాలర్ల విలువ. సగటు జరగకపోవచ్చు, నిజమే. అదృష్టం కలిసివస్తే వచ్చిన డబ్బుతో మిక్సర్ దుకాణంలోనే కొనుక్కోవచ్చు, కలిసిరాకపోతే 480 కాదు, వెయ్యి పోవచ్చు. గురి పాయింట్ల మీద పెట్టుకున్న మనిషి డబ్బు అయిపోయిన చోట ఆగడు, పాయింట్లు పూర్తయిన చోట ఆగుతాడు. నేను భయపడేది దానికే.

సరితగారూ, ఇంకొక మాట చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పడమే స్నేహధర్మమని రాస్తున్నాను. అన్యథా భావించకండి. 12,000 గిఫ్ట్ పాయింట్లు అంటే, అందులో ఎక్కువ రెట్ల రోజులవి లేకపోతే, ఈ ఏడాది ఆ కార్డు మీద 60,000 డాలర్ల కాయిన్ ఇన్ జరిగింది. అంత పోయిందని కాదు. 8 శాతం చొప్పున సగటు నష్టం 4,800 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. నిజంగా ఎంత పోయిందో, లేక వచ్చిందో, ఊహించనక్కరలేదు. సభ్యుడు అడిగితే కాసినో వారు ఏడాది గెలుపోటముల వివరపత్రం ఇస్తారు. దానిని విన్ లాస్ స్టేట్‌మెంట్ అంటారు, చాలా చోట్ల వెబ్‌సైటులోనే దొరుకుతుంది.

పద్మజ, ఫ్రీమాంట్
నవంబరు 10

నేను పన్ను రిటర్నులు తయారుచేసే పనిలో ఉన్నాను. సరితగారి పన్ను ప్రశ్నకు నాకు తెలిసినంతవరకు సమాధానం ఇస్తాను, మీ సొంత వివరాలతో మీ పన్ను నిపుణులను ఒకసారి అడగండి.

ఆటలో పోగైన పాయింట్లతో తీసుకున్న వస్తువుకు సాధారణంగా కాసినో నుంచి విడిగా ఫారం రాదు. లక్కీ డ్రాలో కారో నగదో గెలిస్తే అది వేరు, దానికి ఆ ఆదాయాన్ని పన్నుల శాఖకు తెలిపే 1099 ఫారం రావచ్చు. ఇటువంటి కానుకల స్వభావం మీద 1996లో పన్నుల న్యాయస్థానంలో లిబుట్టి అనే జూదరి కేసు తీర్పు వచ్చింది. ట్రంప్ ప్లాజా కాసినో ఆయనకు ఖరీదైన కార్లు, విహారయాత్రలు కానుకగా ఇచ్చింది. అవి జూదంతో ముడిపడిన రాబడేననీ, కనుక ఆయన జూదంలో పోగొట్టుకున్నది ఆ రాబడిలోంచి తగ్గించుకోవచ్చుననీ న్యాయస్థానం చెప్పింది. మిక్సర్ స్థాయి వస్తువుకు అంత చర్చ అవసరం రాదు గానీ, సూత్రం తెలిసి ఉండటం మంచిది.

అసలు జాగ్రత్త పడవలసినది జాక్‌పాట్ల విషయంలో. స్లాట్‌లో ఒక్కసారిగా 1,200 డాలర్లు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే 2025లో డబ్ల్యూ-2జీ అనే జూదపు గెలుపు ఫారం ఇస్తారు. 2026 నుంచి ఆ హద్దు 2,000 అవుతోంది. ఫారం రాకపోయినా గెలుపు ఆదాయమే. నష్టాన్ని గెలుపు మేరకే, అదీ ఐటమైజ్ చేసేవారే, అంటే మినహాయింపు ఖర్చులను విడివిడిగా చూపేవారే, తగ్గించుకోగలరు. దానికి బదులు స్టాండర్డ్ డిడక్షన్ అనే స్థిరమైన మినహాయింపు తీసుకునే మన ఉద్యోగస్తుల కుటుంబాలు చాలావాటికి ఆ వెసులుబాటు అక్కరకు రాదు. పైగా 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి నష్టంలో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. ఏడాదిలో 10,000 గెలిచి 10,000 పోగొట్టుకున్న మనిషి, చేతిలో ఏమీ మిగలకపోయినా, 1,000 డాలర్ల మీద పన్ను కట్టవలసి వస్తుంది. అందుచేత రమణగారు చెప్పిన వివరపత్రం తప్పకుండా తెప్పించుకోండి, దానితోపాటు ఏ రోజు ఎక్కడ ఎంత ఆడారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోమని మీ వారికి చెప్పండి.

వెంకట్, డాలస్
నవంబరు 11

విజయవాడకు తీసుకువెళ్లే సామాను గురించి నేను చెబుతాను. ఇక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మిక్సర్, బ్లెండర్, కాఫీ యంత్రం, ఎయిర్ ఫ్రయర్ వంటివి అక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడవచ్చు గానీ, అంత వాటేజీకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ మిక్సర్ అంత బరువు ఉంటుంది, వంటింట్లో దానికి చోటు చూపించాలి. అమ్మలు రెండు రోజులు వాడి అటక మీద పెట్టేస్తారు. మేళాలో వస్తువు పెట్టె వెనుక అడుగున ఉండే చిన్న చీటీ చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు, 120 అని మాత్రమే ఉంటే ఇంటికే ఉంచుకోండి. టాబ్లెట్లు, హెడ్‌ఫోన్లు, షేవర్ల చార్జర్లు చాలావరకు మొదటి రకానివే. విద్యుత్తుతో పని లేని స్టీలు గిన్నెలు, కత్తుల సెట్టు, సూట్‌కేసు, దుప్పట్లు ఎటువంటి బెడదా లేకుండా వెళ్లిపోతాయి. పవర్ బ్యాంకు తీసుకుంటే చేతి సంచిలోనే పెట్టాలి, చెక్ ఇన్ సామానులో ఒప్పుకోరు. వారంటీ మాత్రం చాలా వస్తువులకు అమెరికాలోనే చెల్లుతుందని గుర్తుంచుకోండి.

సరిత, చాండ్లర్
నవంబరు 12

అందరికీ ధన్యవాదాలు. వెంకట్‌గారి మాట విన్నాక ఎయిర్ ఫ్రయర్ ఆలోచన మానుకున్నాం. రమణగారూ, మీరు చెప్పినదానికి నేను ఏమీ అనుకోలేదు. ఆ సంఖ్య నాకు ఇంతకు ముందు తట్టలేదు, మా వారితో మాట్లాడతాను. ఈలోగా మరొక సందేహం వచ్చింది. మా అత్తయ్యగారు సందర్శక వీసా మీద వచ్చి మాతోనే ఉన్నారు. మాతోపాటు వేగాస్ వస్తున్నారు, ఆమెకు ఆ రంగుల మెషీన్లు సరదాగా అనిపిస్తాయి. ఆమె కాసేపు మా వారి కార్డు పెట్టి ఆడితే ఆ పాయింట్లు మా వారి ఖాతాకే వస్తాయి కదా, అందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

పద్మజ, ఫ్రీమాంట్
నవంబరు 12

ఉంది, సరితగారూ. జాక్‌పాట్ ఎవరి కార్డు మీద తగిలింది అని చూడరు, మీట నొక్కిన మనిషి ఎవరు అని చూస్తారు. అత్తయ్యగారు నొక్కితే అది ఆమె గెలుపు. సందర్శక వీసా మీద ఉన్నవారు పన్నుల దృష్టిలో సాధారణంగా విదేశీయులు కనుక ఫారం ఇవ్వవలసినంత స్లాట్ గెలుపులో 30 శాతం అక్కడికక్కడే కోసి మిగిలినది ఇస్తారు, 1042-ఎస్ అనే ఫారం చేతికిస్తారు. భారత అమెరికా పన్నుల ఒప్పందంలో జూదపు గెలుపుకు మినహాయింపు లేదు. ఆమె పోగొట్టుకున్నది అందులోంచి తగ్గించుకోవడానికి కూడా వీలులేదు. బ్లాక్‌జాక్, రూలెట్ వంటి కొన్ని బల్ల ఆటలకు మాత్రం విదేశీయులకు ఈ కోత లేదు. చిన్న పందాలు కాస్తూ కాసేపు చూసి ఆనందిస్తారంటే ఫర్వాలేదు, పాయింట్ల కోసం ఆమెను కూర్చోబెట్టవద్దు.

ప్రసాద్, హెండర్సన్
నవంబరు 12

పద్మజగారు చెప్పినదానికి తోడు క్లబ్ నియమాలు కూడా ఉంటాయి. కార్డు దాని మీద పేరున్నవారిది. వేరొకరి ఆటను తన ఖాతాలో రాయించుకోవడాన్ని చాలా కాసినోల నియమాలు ఒప్పుకోవు, తెలిస్తే పాయింట్లు తీసేసే హక్కు వారికి ఉంటుంది. అత్తయ్యగారికి పాస్‌పోర్టు చూపించి సొంత కార్డు ఉచితంగా తీసుకోవచ్చు. మేళా రోజున కూడా ఖాతాదారే ప్రభుత్వ గుర్తింపు పత్రంతో స్వయంగా రావాలి. భార్య వెంట ఉండవచ్చు, ఏ వస్తువు కావాలో చెప్పవచ్చు, సంతకం మాత్రం ఆయనదే.

ఆ రోజు ఎలా ఉంటుందో కొంచెం వివరిస్తాను, నేను ఆ మందిరంలో నిలబడి పనిచేసినవాణ్ని. సమావేశ మందిరంలో బల్లలు వరుసగా వేసి ఒక్కో వస్తువు నమూనా పెడతారు, ముందు తెల్ల అట్ట మీద వస్తువు సంఖ్య, పాయింట్లు రాసి ఉంటాయి. మీరు చీటీ మీద సంఖ్యలు రాసుకుంటూ తిరిగి చివర కౌంటరులో ఇస్తే, వారు కార్డు గీకి పాయింట్లు కోసి రసీదు ఇస్తారు, సామాను వెనుక ద్వారం దగ్గర బండిలో పెట్టి ఇస్తారు. తొలి గంటలో వరుస చాలా పొడవుగా ఉంటుంది, అయినా ఆ గంటలోనే వెళ్లమంటాను. గిఫ్ట్ కార్డులూ టాబ్లెట్లూ ముందుగా అయిపోతాయి, మధ్యాహ్నానికి బల్ల మీద నమూనా ఉంటుంది గానీ వెనుక సరుకు ఉండదు. ద్వారం దాటకముందే పెట్టె విప్పి చూసుకోండి, మోడల్ సంఖ్య రసీదుతో సరిపోల్చండి. ఆ తరువాత వాపసు తీసుకోరు. రసీదు మీద ధర ఉండదు గానీ, వారంటీ నమోదుకు అదే ఆధారంగా దాచుకోవాలి.

కిరణ్, ఇర్వైన్
నవంబరు 13

గిఫ్ట్ కార్డులా వస్తువులా అన్నదానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. నేను అనుసరించే పద్ధతి ఇది. పట్టికలో ఉన్న ప్రతి వస్తువుకు అదే మోడల్ కాస్ట్‌కోలోనో అమెజాన్‌లోనో ఎంతకు దొరుకుతుందో చూసి, ఆ ధరను పాయింట్లతో భాగించండి. పెట్టె మీది ముద్రిత ధర నమ్మవద్దు, థ్యాంక్స్ గివింగ్ మరునాటి బ్లాక్ ఫ్రైడే అమ్మకాల తగ్గింపు ధర చూడండి, ఎందుకంటే మేళా ఆ అమ్మకాల వెంటనే వస్తుంది. గిఫ్ట్ కార్డుకు ఎంత విలువ రాసి ఉంటే అంతే, అందులో మోసానికి చోటు లేదు. వస్తువుల్లో కొన్ని పాయింటుకు మూడు సెంట్లు పలుకుతాయి, కొన్ని సెంటున్నర కూడా పలకవు. పాత మోడల్ టీవీలు చాలాసార్లు రెండో రకానివి. గిఫ్ట్ కార్డు కన్నా ఎక్కువ పలికి, మీకు నిజంగా అవసరమైన వస్తువు ఉంటే అది, లేకపోతే గిఫ్ట్ కార్డు. రమణగారితో నా వాదన ఎలా ఉన్నా, ఉన్న పాయింట్లను వదిలేసి రావద్దు. అవి ఇప్పటికే చెల్లించిన డబ్బుకు వచ్చినవి.

అనూరాధ, సాక్రమెంటో
నవంబరు 13

ఈ చర్చలో ఇంతవరకు రానిది ఒకటి రాయాలని ఉంది. మా దగ్గరి బంధువొకరికి ఈ మేళాలే సాకుగా ఉండేవి. ఏడాది పొడుగునా ఎంత పోయినా ఇంట్లోవారికి తెలియదు, డిసెంబరులో మాత్రం కారు డిక్కీ నిండా పెట్టెలు వచ్చేవి. పిల్లలకు ఆటబొమ్మలు, వదినకు హ్యాండ్‌బ్యాగు, అమ్మకు వెచ్చని కోటు. అందరూ సంతోషంగా విప్పుకునేవారు, కాసినో ఎంత మంచిదని అనుకునేవారు. ఇల్లు మీద రెండో అప్పు తీసుకున్న సంగతి బయటపడే వరకు ఆ పెట్టెల వెల ఎంతో ఎవరికీ తెలియలేదు. ఆ బంధువు చెడ్డవాడు కాదు. బహుమతులు ఇచ్చినప్పుడు ఇంట్లోవారి ముఖాల్లో కనిపించే ఆనందమే ఆయనను మళ్లీ మెషీన్ దగ్గరకు తీసుకువెళ్లేది.

ఈ పథకాలు ఊరికే పుట్టలేదు. 1982లో అట్లాంటిక్ సిటీలోని సాండ్స్ కాసినోలో స్లాట్ ఆటగాళ్ల సభ్యత్వ పథకం, స్లాట్ క్లబ్, మొదలైంది. 1998లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే గ్యారీ లవ్‌మన్ హారాస్ అనే కాసినో సంస్థకు వచ్చాక, ఏ సభ్యుడికి ఏ వారం ఏ ఉత్తరం పంపితే తిరిగి వస్తాడో సమాచారంతో లెక్కగట్టడం ఒక శాస్త్రంగా మారింది. హారాస్ వారి సభ్యత్వ పథకమే టోటల్ రివార్డ్స్‌గా ఎదిగి 2019లో సీజర్స్ రివార్డ్స్ అయింది. సరితగారి ఇంటికి వచ్చిన ఉత్తరంలో 6,000 లోటు, అయిదు రెట్లు, ఒకే వారాంతం అన్న మూడూ పక్కపక్కన ఉండటంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు.

మీ వారి పరిస్థితి అటువంటిదని నేను అనడం లేదు, నాకు తెలియదు కూడా. వివరపత్రం మాత్రం ఇద్దరూ కలిసి కూర్చుని చూడండి. అవసరమనిపిస్తే నెవాడా నియమాల్లో ఒక వెసులుబాటు ఉంది. కాసినో నుంచి ప్రచార ఉత్తరాలు రాకుండా, అప్పు ఇవ్వకుండా, చెక్కులు మార్చకుండా తన మీద తానే కట్టడి పెట్టుకోవడానికి ఆటగాడికి అవకాశం ఇవ్వాలని అక్కడి గేమింగ్ నిబంధన 5.170 చెబుతుంది. ఒక చిన్న పత్రం నింపితే చాలు. మా బంధువు విషయంలో ఆ ఉత్తరాలు ఆగడం ఎంత మేలు చేసిందో చెప్పలేను.

కిరణ్, ఇర్వైన్
నవంబరు 13

అనూరాధగారూ, మీరు రాసినది చదివాక, 'ఎలాగూ ఆడతారు' అన్న నా మాటకు ముందు 'ఎంత ఆడుతున్నారో తెలిసి' అని చేర్చాలనిపిస్తోంది. తెలిసి ఆడేవారికే నా లెక్క వర్తిస్తుంది.

వెంకట్, డాలస్
నవంబరు 14

ఒక చిన్న జాగ్రత్త. సీజర్స్ సభ్యుల సమాచారం హ్యాకర్ల చేతికి చిక్కిందని 2023 సెప్టెంబరులో బయటపడింది, చాలామంది డ్రైవింగ్ లైసెన్సు సంఖ్యలూ సోషల్ సెక్యూరిటీ సంఖ్యలూ అందులో ఉన్నాయి. అదే నెలలో ఎం.జి.ఎం. మీదా దాడి జరిగింది. ఏ కాసినో కార్డైనా సరే, మేళాకు వెళ్లే ముందు పిన్ మార్చుకోండి. ఆ పిన్ తెలిసిన మనిషి కియోస్కులో మీ పాయింట్లు ఖర్చు చేయగలడు.

సరిత, చాండ్లర్
డిసెంబరు 9

మేళాకు వెళ్లివచ్చాం. సలహాలు ఇచ్చినవారికి కృతజ్ఞతగా వివరంగా రాస్తున్నాను.

ప్రయాణానికి ముందే మా వారు వివరపత్రం తెప్పించి నా ముందు పెట్టారు. రమణగారి అంచనా అంత కాదు గానీ దానికి చాలా దగ్గరలోనే ఉంది. ఆయన కూడా మొత్తం ఒకచోట చూడటం అదే మొదటిసారి. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత తానే అనూరాధగారు చెప్పిన పత్రం గురించి అడిగారు. ప్రచార ఉత్తరాలు ఆపమని అక్కడి కౌంటరులో రాసి ఇచ్చాం, అయిదు నిమిషాల పని. ఆయన ఈసారి ఆడలేదు. అత్తయ్యగారు సొంత కార్డుతో ఇరవై డాలర్లు ఆడి, ఫౌంటెన్లు చూసి సంతోషించారు.

ప్రసాద్‌గారి సలహా ప్రకారం తొలి గంటలోనే వెళ్లాం. కిరణ్‌గారి పద్ధతిలో ముందే కాగితం మీద లెక్క వేసుకోవడం చాలా ఉపయోగపడింది. స్టీలు గిన్నెల సెట్టుకు 5,000 పాయింట్లు, బ్లాక్ ఫ్రైడే ధర ప్రకారం పాయింటుకు మూడు సెంట్లకు కొంచెం తక్కువ పడింది. అది విజయవాడకు. కిరాణా దుకాణం గిఫ్ట్ కార్డులకు 6,500 పెట్టాం, అవి పాయింటుకు రెండు సెంట్లు. మిగిలిన 500 పాయింట్లకు రెండు చేతి తువ్వాళ్లు వచ్చాయి. గిన్నెల పెట్టె అక్కడే విప్పి చూస్తే ఒక మూత సొట్టపడి ఉంది, అప్పటికప్పుడే వేరే పెట్టె ఇచ్చారు. మిక్సర్ జోలికి వెళ్లలేదు.

పద్మజగారూ, ఒక ప్రశ్న మిగిలింది. మార్చిలో మా వారికి 1,450 డాలర్ల గెలుపుకు డబ్ల్యూ-2జీ వచ్చిందట, కాగితాల్లో ఇప్పుడు దొరికింది. మేము స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాం. దానిని ఎలా చూపించాలి?

పద్మజ, ఫ్రీమాంట్
డిసెంబరు 9

ఆ 1,450 మొత్తాన్నీ పన్ను రిటర్నుకు జతచేసే షెడ్యూల్ 1లో జూదపు ఆదాయంగా చూపాలి, అది 2025 రిటర్నులోకి వస్తుంది. ఫారంలో ముందుగానే కోసిన పన్ను ఏమైనా ఉంటే నాలుగో గడిలో కనిపిస్తుంది, దానిని జమ వేసుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటే నష్టాలు చూపడానికి వీలుండదు. ఈ ఏడాది మీ ఇంటి రుణం వడ్డీ, దానాలు, రాష్ట్ర పన్నులు కలిపి స్టాండర్డ్‌కు దగ్గరగా వస్తున్నాయేమో ఒకసారి కూడి చూడండి. దాటుతున్నాయంటే 1,450 మేరకు నష్టం చూపించుకోవచ్చు, వివరపత్రంతోపాటు ఆటల పుస్తకం కూడా దగ్గర ఉంచుకోండి. ఆ కూడిక వేసి అంకెలు రాయండి, ఏది మేలో చెబుతాను.